పీహెచ్‌పీ వెర్షన్ మార్చేటప్పుడు తెలుగు చెడకుండా చూసుకోవడం ఎలా?

తమ్ముళ్లూ, పాఠంలోకి వెళ్లే ముందు ఒక చిన్న లెక్క. 'నెమలి' అనే మన ఊరి పేరులో ఎన్ని అక్షరాలు? మూడు అంటారు. ఒకటో తరగతి పిల్లవాడైనా అదే చెబుతాడు. ఇదే ప్రశ్న వెబ్ సర్వరు మీద నడిచే పీహెచ్‌పీని అడిగితే, ఏ ఫంక్షనుతో అడిగామన్న దాన్ని బట్టి మూడు రకాల జవాబులు వస్తాయి. 'స్ట్ర్‌లెన్' 15 అంటుంది. 'ఎంబీ స్ట్ర్‌లెన్' 5 అంటుంది. 'గ్రాఫీమ్ స్ట్ర్‌లెన్' ఒక్కటే మనలాగా 3 అంటుంది. మూడింటిలో ఏదీ తప్పు కాదు. న, ఎత్వం, మ, ల, గుడి - కంప్యూటరు లెక్కలో ఇవి ఐదు గుర్తులు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు కావాలి. ఐదు మూళ్లు పదిహేను. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. లినక్స్ సర్వరు మీద పీహెచ్‌పీ వెర్షన్ మార్చినప్పుడు తెలుగు సైట్లు పాడయ్యే చోట్లలో చాలా వాటికి మూలం ఇదే.

పీహెచ్‌పీ అంటే వెబ్ సర్వరులో నడిచే స్క్రిప్టింగ్ భాష. మీరు బ్రౌజరులో ఒక పేజీ అడగ్గానే అది డేటాబేస్ లోంచి వివరాలు తీసి, పేజీగా కూర్చి పంపుతుంది. రాస్మస్ లెర్డార్ఫ్ దీన్ని 1995లో విడుదల చేశాడు. వర్డ్‌ప్రెస్, తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ ఈ భాషలో రాసినవే. 2000లో నాలుగో వెర్షన్, 2004లో ఐదు, 2015లో ఏడు, 2020లో ఎనిమిది వచ్చాయి. మరి ఆరు ఏమైంది? ఆరో వెర్షన్ మొదలుపెట్టిందే మనలాంటి భాషల కోసం. యూనికోడ్‌ను భాష లోపలే ఇమడ్చాలని అనుకున్నారు. పని బరువై 2010లో ఆపేశారు. అందుకే ఈనాటికీ తెలుగు సైటు నడిపేవాళ్లు 'ఎంబీస్ట్రింగ్', 'ఇంటిల్' అనే రెండు ఎక్స్‌టెన్షన్లను విడిగా గుర్తు పెట్టుకోవలసి వస్తోంది.

బాగా నడుస్తున్న సైటును ఎందుకు కదపాలి అని ఎవరైనా అడగవచ్చు. ప్రతి పీహెచ్‌పీ వెర్షనుకూ ఒక గడువు ఉంటుంది. మొదటి రెండేళ్లు అన్ని లోపాలూ సరిచేస్తారు. ఆ తర్వాత కొంతకాలం భద్రతా లోపాలు మాత్రమే. గడువు తీరాక ఏమీ చేయరు. 7.4కు 2022 నవంబరు 28తో గడువు తీరింది. 8.1కి 2025 డిసెంబరు 31తో తీరింది. 8.3కి 2027 చివరి దాకా, 8.4కు 2028 చివరి దాకా ఉంది. గడువు తీరితే ఏమవుతుందో 2019 అక్టోబరులో తేలింది. ఎన్జిన్‌ఎక్స్, పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎం కలిపి నడిపే లినక్స్ సర్వర్లలో కొన్ని రకాల సెట్టింగులు ఉంటే, బయటివాడు ఎక్కడో కూర్చుని ఆ సర్వరు మీద తన ఆదేశాలు నడపగలిగే లోపం ఒకటి బయటపడింది. 7.1.33, 7.2.24, 7.3.11 వెర్షన్లలో దాన్ని సరిచేశారు. అప్పటికే గడువు తీరిన 5.6, 7.0లకు పీహెచ్‌పీ బృందం నుంచి కొత్త విడుదల రాలేదు.

ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు. హాస్టల్ పిల్లలం కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ఎన్నిసార్లు, ఎన్ని చోట్ల స్కాన్ చేయించి ఎక్కించామో లెక్క లేదు. కోచింగ్ సెంటర్ల సైట్లకు, చిన్న కాలేజీల అడ్మిషన్ ఫారాలకు అవన్నీ ఇచ్చాం. ఆ సైటు ఎవరో ఒకరు పదేళ్ల క్రితం తయారు చేసి వదిలేసినదైతే, మన కాగితాలు గడియ లేని గదిలో ఉన్నట్టే. మీలో ఒకడు రేపు విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక చిన్న కంపెనీలో చేరితే, మొదటి నెలలోనే ఆ సర్వరును మీ చేతికిచ్చి 'దీని పీహెచ్‌పీ మార్చు' అనవచ్చు.

అప్పుడు మొదట చూడవలసింది ప్రస్తుతం ఏ వెర్షన్ ఉందో. టెర్మినల్‌లో 'పీహెచ్‌పీ హైఫన్ వీ' అని కొడితే చెబుతుంది (ఇక్కడ తెలుగులో పలుకుతున్నాను గాని, కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి). ఆ జవాబును పూర్తిగా నమ్మకండి. టెర్మినల్‌లో నడిచే పీహెచ్‌పీ ఒకటి, వెబ్‌సైటుకు నడిచేది ఇంకొకటి ఉండవచ్చు. సైటులో 'పీహెచ్‌పీఇన్‌ఫో' పిలిచే చిన్న ఫైలు పెట్టి, దాన్ని బ్రౌజరులో తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. వెర్షనుతో పాటు ఏయే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయో కాగితం మీద రాసుకుని, ఆ ఫైలును వెంటనే తీసేయండి. దొంగకు అంతకన్నా మంచి ఇంటి పటం దొరకదు.

ఉబుంటు వాడేవాళ్లకు ఒక మాట. ఉబుంటు 20.04తో పాటు 7.4 వచ్చింది, 22.04తో 8.1, 24.04తో 8.3. ఉబుంటు తాను ఇచ్చిన పీహెచ్‌పీకి, దాని అసలు గడువు తీరాక కూడా, ఆ ఉబుంటు మద్దతు ఉన్నంతకాలం భద్రతా మరమ్మతులు తానే అందిస్తుంది. కాబట్టి 22.04 మీద 8.1 ఉంటే రాత్రికి రాత్రి కంగారు పడనక్కరలేదు. ఒకే సర్వరు మీద రెండు మూడు వెర్షన్లు పక్కపక్కన కావాలంటే ఒండ్రెయ్ సురీ నిర్వహించే ప్యాకేజీల భాండారం ఉంది. రెడ్‌హ్యాట్ కుటుంబం వాళ్లకు రెమీ కొలే భాండారం ఉంది. పాత ఉబుంటు మీద అతుకులు వేయడం కన్నా, కొత్త ఉబుంటుతో వేరే సర్వరు తీసుకుని సైటును అక్కడికి తరలించడమే మేలని నా అభిప్రాయం. పాతది కదలకుండా ఉంటుంది, మనసు నిమ్మళంగా ఉంటుంది.

బ్యాకప్ గురించి అందరూ చెబుతారు కాబట్టి క్లుప్తంగా: ఫైళ్లూ డేటాబేసూ రెండూ తీయాలి, తీసినదాన్ని వేరే యంత్రం మీద ఎక్కించి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు. ఆ రెండో యంత్రమే మీ ప్రయోగశాల. పాత కంప్యూటరు మీద ఉబుంటు వేసుకున్నా చాలు.

కొత్త వెర్షన్ ఎక్కించడం పది నిమిషాల పని. కోడు చూడటమే రోజుల పని. 'మైఎస్‌క్యూఎల్ కనెక్ట్' లాంటి పాత డేటాబేస్ ఫంక్షన్లను 7.0లోనే తీసేశారు, వాటి చోట 'మైఎస్‌క్యూఎల్ఐ' గాని 'పీడీఓ' గాని రాయాలి. 'ఈచ్', 'క్రియేట్ ఫంక్షన్' 8.0లో పోయాయి. ఇవి ఉంటే పేజీ ఆగిపోతుంది, వెంటనే తెలుస్తుంది. చప్పుడు చేయకుండా జవాబు మార్చేసేవే ప్రమాదం. ఒక ఉదాహరణ చూడండి. మార్కుల పట్టీలో పరీక్షకు రానివాడికి 'గైర్హాజరు' అని రాశారు. కోడులో మార్కులు 'గైర్హాజరు'తో సమానమా అని రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చారు. ఒక పిల్లవాడికి నిజంగానే 0 వచ్చింది. పీహెచ్‌పీ 7 వరకు అంకె 0ని అలాంటి మాటతో పోలిస్తే 'సమానమే' అనేది. పరీక్ష రాసినవాడు రానివాళ్లలో కలిసిపోయేవాడు. 8 నుంచి 'సమానం కాదు' అంటుంది. కొత్తదే సరైనది. అయితే పాత తప్పుడు లెక్క మీద ఆధారపడి ఇంకెక్కడో కోడు రాసి ఉంటే అది ఇప్పుడు వేరేగా నడుస్తుంది. అందుకే మార్చక ముందు నాలుగైదు నివేదికలు ప్రింటు తీసి పెట్టుకుని, మార్చాక వాటితో ఒక్కో వరుసా పోల్చాలి.

ఇక తెలుగు సంగతి. కొత్త వెర్షన్ ఎక్కించినంత మాత్రాన పాతదాని ఎక్స్‌టెన్షన్లు వెంట రావు. 8.3 వేస్తే 8.3 ఎంబీస్ట్రింగ్, 8.3 ఇంటిల్, 8.3 మైఎస్‌క్యూఎల్ ప్యాకేజీలు విడివిడిగా వేయాలి. ఎంబీస్ట్రింగ్ మరిచిపోతే 'ఎంబీ' ఫంక్షన్ వాడిన ప్రతి పేజీ తెల్లగా మిగులుతుంది.

రెండోది, మాటను మధ్యలో కోయడం. శీర్షిక పొడవుగా ఉంటే మొదటి కొన్ని అక్షరాలే చూపించడానికి 'సబ్‌స్ట్ర్' వాడతారు. అది బైట్లను కోస్తుంది. 'నెమలి'ని 10 బైట్ల దగ్గర కోస్తే మూడు గుర్తులు నిండుగా వచ్చి, 'ల'లో మూడో వంతు ముక్క మిగులుతుంది. 5.4 నుంచి 8.0 వరకు ఇలాంటి విరిగిన మాటను 'హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్'కు మామూలుగా ఇస్తే మొత్తం మాటనే ఖాళీ చేసి పంపేది. 8.1 నుంచి విరిగిన చోట మాత్రం ప్రశ్న గుర్తు చూపిస్తుంది. కాబట్టి అప్‌గ్రేడ్ చేశాక శీర్షికల చివర ప్రశ్న గుర్తులు కనబడితే కొత్త వెర్షనును తిట్టకండి, పాత రోగం ఇప్పుడు బయటపడింది. 'సబ్‌స్ట్ర్' తీసి 'గ్రాఫీమ్ సబ్‌స్ట్ర్' పెడితే గుణింతం విరగదు.

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. 2000 దశకంలో కట్టిన చాలా సైట్లలో పీహెచ్‌పీ డేటాబేస్‌తో 'నేను లాటిన్-1లో మాట్లాడుతున్నాను' అని చెప్పి, పంపేది మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. పెట్టేటప్పుడూ అదే అబద్ధం, తీసేటప్పుడూ అదే అబద్ధం కాబట్టి చెల్లుకు చెల్లయి తెర మీద తెలుగు చక్కగా కనబడేది. కొత్త కోడు, కొత్త మైఎస్‌క్యూఎల్ 8 'యూటీఎఫ్-8 ఎంబీ4' అని నిజం చెబుతాయి. అంతే, ప్రతి తెలుగు గుర్తు స్థానంలో మూడేసి ఐరోపా గుర్తులు ప్రత్యక్షమవుతాయి. 'నెమలి' ఉన్న చోట 15 పిచ్చి గీతలు! సమాచారం పోలేదు, భయపడవద్దు. డేటాబేస్ ప్రతిని లాటిన్-1 అని చెప్పి బయటకు తీసి, ఆ ఫైలులోని అక్షరమాల పేరును యూటీఎఫ్-8 ఎంబీ4గా మార్చి, తిరిగి ఎక్కిస్తే తెలుగు వచ్చేస్తుంది. ఈ చికిత్స ఒక్కసారే చేయాలి, ప్రతి మీదే చేయాలి. పట్టికలో కొన్ని వరుసలు మంచివి, కొన్ని చెడ్డవి కలిసి ఉంటే ఇది పనిచేయదు. వేరు చేసి చూడవలసిందే. కొందరు తొందరలో 'యూటీఎఫ్8 ఎన్‌కోడ్' ఫంక్షన్ వేసి ఇంకా ముడి వేస్తారు. ఆ ఫంక్షన్ పేరే మోసం అని 8.2లో దాన్ని వాడవద్దని ప్రకటించారు.

సెట్టింగుల ఫైలు కూడా ప్రతి వెర్షనుకూ వేరు. ఎక్కించే ఫైలు పరిమాణం మళ్లీ 2 ఎంబీకి పడిపోతుంది. 3 ఎంబీ ఫొటో పెట్టబోయినవాడికి కారణం అర్థం కాదు. కాలమండలం 'ఆసియా, కోల్‌కతా' అని రాయకపోతే, సర్వరు గడియారం యూటీసీలో ఉన్నప్పుడు మనకన్నా అయిదున్నర గంటలు వెనకబడుతుంది. తెల్లవారుజామున 5 గంటల స్టడీ అవర్ హాజరు ముందు రోజు రాత్రి 11.30కు నమోదవుతుంది.

పెద్దవాళ్లు ఈ పని ఎలా చేశారో వికీపీడియాను చూసి నేర్చుకోవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా, మిగతా భాషల వికీలతో పాటు 2014లో ఫేస్‌బుక్ తయారు చేసిన హెచ్‌హెచ్‌వీఎం మీదకు మారింది. తర్వాత హెచ్‌హెచ్‌వీఎం పీహెచ్‌పీతో పొత్తు వదులుకోవడంతో 2019లో పీహెచ్‌పీ 7.2కు వచ్చింది. ఒక్కరోజులో మీట నొక్కలేదు. ముందు ఇష్టపడిన సభ్యులకు మాత్రమే కొత్తది చూపించారు. ఆ తర్వాత వచ్చే పాఠకులలో కొద్ది శాతం మందిని అటు పంపి, లోపాలు దిద్దుకుంటూ శాతం పెంచుకుంటూ పోయారు. ఆ రోజుల్లో గంపలగూడెం మండలం నెమలి గురించిన పేజీ చదివినవాడికి కింద ఇంజను మారుతోందన్న సంగతే తెలియదు.

మన చిన్న సర్వరులోనూ దాదాపు అలాగే చేయవచ్చు. పాత ఎఫ్‌పీఎం, కొత్త ఎఫ్‌పీఎం రెండూ నడుస్తూ ఉంటాయి. ముందు పరీక్ష కోసం పెట్టుకున్న ఉపసైటును కొత్తదానికి కలపండి. బాగుంటే రద్దీ తక్కువ ఉన్న వేళ, పరీక్ష ఫలితాల రోజు కాకుండా, అసలు సైటు సెట్టింగులో ఒక్క వరుస మార్చి ఎన్జిన్‌ఎక్స్‌ను 'రీలోడ్' చేయండి. తేడా వస్తే అదే వరుసను వెనక్కి మార్చితే నిమిషంలో పాతది. తప్పులు తెర మీద చూపించడం ఆపి, లాగ్ ఫైలులోకి మళ్లించి, మొదటి వారం రోజూ ఆ ఫైలు చదవండి. రాత్రిపూట తమంతట తామే నడిచే క్రాన్ పనులు టెర్మినల్ పీహెచ్‌పీని వాడతాయి. వాటిని విడిగా మార్చాలి. నెలాఖరు నివేదిక, సంవత్సరానికి ఒకసారి వచ్చే ఫీజు లెక్క లాంటివి ఒక్కసారైనా చేత్తో నడిపించి చూసి, ఆ తర్వాతే పాత వెర్షన్ ప్యాకేజీలను తొలగించండి.