కింద కొట్లు, పైన కాపురాలు: చేయవలసినవి – చేయకూడనివి

విజయవాడలోనే కాదు, గుడివాడ, తెనాలి, ఉయ్యూరుల్లోనూ ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద లేచే అపార్ట్‌మెంటుది దాదాపు ఒకటే తీరు. సెల్లార్లో బళ్లు, రోడ్డు మొహాన మెడికల్ షాపు, కర్రీ పాయింటు, సెల్‌ఫోన్ల కొట్టు, పైన నాలుగంతస్తుల కాపురాలు. కూరా, మందుబిళ్లా మెట్లు దిగితే చాలు, దొరుకుతాయి. రాత్రి పదింటికి మాత్రం కొట్లవాళ్లు షట్టర్లు దించి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. షట్టర్ల వెనక ఫ్రిజ్‌లు, ఇన్వర్టర్లు నడుస్తూనే ఉంటాయి, పైన జనం నిద్రపోతుంటారు. 2025 మే 18 పొద్దున్నే హైదరాబాద్ గుల్జార్ హౌజ్‌లో, కింద ముత్యాల దుకాణాలు, పైన కుటుంబం ఉన్న కట్టడంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. బయటికి రావడానికి వాళ్లకున్నది ఒక్క ఇరుకు మెట్లదారి.

మెట్లు

చేయవలసినవి: మెట్లూ, అవి రోడ్డు మీదికి దిగే గుమ్మమూ రాత్రీ పగలూ ఖాళీగా ఉంచండి. డాబా తలుపుకు తాళం బదులు లోపలి నుంచి తీసుకునే గడియ పెట్టించండి. దొంగల భయమని తాళం వేసి, చెవి సెక్రటరీగారి బీరువాలో దాచే అలవాటు మన అసోసియేషన్లకు ఎక్కువ. దొంగ ఎత్తుకుపోయేది సొత్తునే. బాల్కనీ గ్రిల్‌లో ఒక రెక్కయినా తెరుచుకోవాలి. ప్రతి కొట్టు యజమాని ఫోన్ నంబరు, షట్టర్ తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర ఉండాలి.

చేయకూడనివి: మెట్ల కింద, కరెంటు మీటర్ల ముందు కొట్లవాళ్ల అట్టపెట్టెలు పేర్చనివ్వకండి. ఫ్లాట్లవాళ్ల చెప్పుల స్టాండ్లూ, విరిగిన మంచాలూ కూడా అంతే. మంట లేచినప్పుడు లిఫ్టు ఎక్కవద్దు. మెట్లనిండా పొగ ఉంటే దిగే సాహసం చేయవద్దు. తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, రోడ్డు వైపు బాల్కనీలోకి రండి. 101కు ఫోన్ చేసి ఎన్నో అంతస్తో, ఎంతమంది ఉన్నారో చెప్పండి.

బ్యాటరీ బళ్లు

2022 ఏప్రిల్‌లో విజయవాడ సూర్యారావుపేటలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరి ప్రాణం పోయింది. అదే ఏడాది సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం అంటుకుంది. పొగ పైకి ఎగబాకి 8 మంది పోయారు.

బ్యాటరీని ఇంట్లో పెట్టి రాత్రంతా చార్జి చేయవద్దు. మెట్ల పక్క ప్లగ్గులో అసలే వద్దు. బండి దిగగానే కాకుండా బ్యాటరీ చల్లారాక, కంపెనీ చార్జర్‌తోనే, మెలకువగా ఉన్న వేళ పెట్టండి. వానలో నానినా, ఉబ్బినా షోరూంకు చూపించాకే వాడండి.

గ్యాసు, సరుకు

వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే కిందికి జారి సెల్లార్లో నిలుస్తుంది. కాబట్టి కర్రీ పాయింటు సిలిండర్లు సెల్లార్లో కాకుండా గాలి ఆడే చోట నిలబెట్టి ఉంచాలి. వాసన వస్తే స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపనూ కూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, అందరినీ బయటికి పంపి, దూరం నుంచి 1906కు ఫోన్ చేయండి.

2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిలవుంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. పెయింటు, థిన్నరు, దీపావళి ముందు వచ్చే బాణసంచా ఇళ్ల కింద గోదాములో దించనివ్వకండి. అద్దె కాగితంలోనే ఆ మాట రాయించుకోవాలి. సరుకు దిగాక చేసే గొడవ నడవదు.

వరద

డెల్టాలో సెల్లార్ అంటే ముందు మునిగే చోటు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం వైపు నీళ్లు చేరినప్పుడు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు రోజుల తరబడి తాగునీళ్ల కోసం పడవల వైపు చూశారు. నీళ్లు మీటర్లను తాకకముందే మెయిన్ కట్టేయించండి. తాగునీళ్లు, మందులు పైకి చేర్చుకోండి. నీళ్లొచ్చే సెల్లార్లోకి కారు కోసం దిగవద్దు. జనరేటర్ సెల్లార్లో పెట్టవద్దు: వరదకు మునుగుతుంది, మామూలు రోజుల్లో దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు.

నీళ్లు తీశాక సంపు కడిగించి బ్లీచింగ్ వేయించండి. ఎలక్ట్రీషియన్ కొట్ల వైరింగూ మీటర్లూ ఆరాయని చూసి చెప్పాకే కరెంటు, మెకానిక్ గుంట తోడించి చూశాకే లిఫ్టు.