ఒకే పేరు, ఒకే పద్ధతి, వేల హోటళ్ళు
(అమెరికా ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళ చరిత్ర – సభ్య సంఘాలకు ఒక పాఠం)



కిందటి వేసవిలో ఒక సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్ళాను. అంతకు వారం ముందే ఆ మార్గంలో పెద్ద నష్టం జరిగింది. పొరుగు ఊరినుంచి వచ్చిన రెండు క్యాన్లలో పాలు పుల్లబడి ఉండగా, ఎవరూ గమనించకుండా వాటిని బల్క్ కూలరులో పోశారు. దానితో నాలుగు ఊళ్ళ పాలు తిరస్కరించబడ్డాయి. సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "ఇనస్పెక్టరుగారూ, మా పాలు మంచివే గదా! పక్క ఊరివాళ్ళు క్యాను కడగకపోతే మేమెందుకు నష్టపోవాలి?" అని అడిగారు.

నాకు వెంటనే నోట మాట రాలేదు. ఎందుకంటే, పది రోజుల ముందు ఆ పక్క ఊరి సంఘం తనిఖీ పుస్తకంలో "పారిశుద్ధ్యం సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనే. ఆ రోజు రిజిస్టర్లు చూశాను, నగదు నిల్వ లెక్కించాను. క్యాను మూత మాత్రం తీసి చూడలేదు.

ఎక్కడో తయారైన సరుకు ఒకే పేరుతో ఊరూరా అమ్ముడుపోవాలంటే ఏమి కావాలి? ఒకడి తప్పు అందరినీ ముంచకుండా ఎవరు కాపలా కాయాలి? ఈ ప్రశ్నలకు ఒక శతాబ్దంపాటు సమాధానం వెదికిన వ్యాపారం అమెరికాలోని ఫాస్ట్‌ఫుడ్ హోటళ్ళది. వారు అమ్మే తిండి మనలో చాలామందికి పడకపోవచ్చు. మనం చూడవలసింది ఆ తిండిని కాదు, వారి పద్ధతిని. పైగా ఈ కథలో పాలకు కూడా పెద్ద పాత్రే ఉంది.

1. తెల్ల గోడల హోటలు

ఫాస్ట్‌ఫుడ్ అంటే, కొద్దిరకాల వంటకాలను ముందే నిర్ణయించిన పద్ధతిలో తయారుచేసి, అడిగిన కొద్ది నిమిషాల్లో చేతికిచ్చే ఏర్పాటు. అందులో ముఖ్యమైనది హాంబర్గర్. ఖైమా కొట్టిన పశుమాంసాన్ని బిళ్ళగా చేసి, పెనంమీద కాల్చి, బన్ను మధ్య పెట్టి ఇస్తారు.

1906లో అప్టన్ సింక్లేర్ అనే రచయిత షికాగో మాంసపు కర్మాగారాల్లోని మురికిని తన నవలలో వర్ణించాడు. దేశమంతా గగ్గోలు పుట్టి, అదే సంవత్సరం మాంసం తనిఖీకి, ఆహార పదార్థాల స్వచ్ఛతకు చట్టాలు వచ్చాయి. అయినా ఖైమా అంటే జనానికి అనుమానం పోలేదు. అందులో ఏమి కలిపారో ఎవరికి తెలుసు?

1921లో కాన్సస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో వాల్టర్ ఆండర్సన్ అనే వంటవాడు, బిల్లీ ఇంగ్రామ్ అనే వ్యాపారి కలిసి "వైట్ కాసిల్", అంటే తెల్లకోట అనే హోటలు పెట్టారు. హాంబర్గర్ ధర 5 సెంట్లు. గోడలు తెల్లనివి, పనివాళ్ళ దుస్తులు తెల్లనివి. వంట కొనేవాడి కళ్ళ ఎదుటే జరిగేది. తరువాత పెట్టిన ప్రతి హోటలునూ అదే రూపంలో కట్టారు. శుభ్రత ఉండటమే చాలదు, అది కొనేవాడి కంటికి కనిపించాలి అన్నది వారు నేర్పిన మొదటి పాఠం.

2. పాల మిశ్రమంతో పుట్టిన గొలుసు

ఇలినాయ్ రాష్ట్రంలో మెక్‌కల్లో అనే తండ్రీకొడుకులు ఐస్‌క్రీము తయారుచేసేవారు. మరలోనుంచి వచ్చిన వెంటనే, గట్టిగా గడ్డకట్టక ముందే, ఐస్‌క్రీము రుచిగా ఉంటుందని వారు గమనించారు. 1938లో కాంకకీ పట్టణంలో ఒక దుకాణదారు సాయంతో, 10 సెంట్లకు తిన్నంత ఇస్తామని ప్రకటించి పరీక్ష పెట్టారు. రెండు గంటల్లో 1,600కు పైగా కప్పులు ఖర్చయ్యాయి. 1940లో జోలియెట్ పట్టణంలో "డెయిరీ క్వీన్" పేరుతో మొదటి దుకాణం తెరిచారు.

వెన్న శాతంమీద బ్రతికే మనకు ఇందులో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం ఐస్‌క్రీము అనిపించుకోవడానికి కనీసం 10 శాతం పాలకొవ్వు ఉండాలి. డెయిరీ క్వీన్ మిశ్రమంలో ఉండేది 5 శాతమే. గట్టి ఐస్‌క్రీము కంటే తక్కువ చలిలో, గాలి కలిపి, మెత్తగా ఇవ్వడంవల్ల ఆ కొద్ది వెన్నతోనే నాలుకకు నిండుగా అనిపించింది. 1947లో సుమారు 100 ఉన్న దుకాణాలు 1955 నాటికి 2,600 అయ్యాయి.

ఇంత వేగంగా పెరగడానికి కారణం ఫ్రాంచైజీ పద్ధతి. పేరు, పద్ధతి ఒకరివి. పెట్టుబడి, శ్రమ స్థానిక యజమానివి. పేరు వాడుకున్నందుకు అతడు కొంత సొమ్ము చెల్లిస్తాడు. అయితే డెయిరీ క్వీన్ హక్కులను ప్రాంతాలవారీగా పెద్ద పెద్ద ముక్కలుగా అమ్మివేశారు. ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్కరిది పెత్తనం. బోర్డు ఒకటే అయినా లోపల దొరికే వంటకాలు, పాటించే పద్ధతి ఊరికొక తీరుగా తయారయ్యాయి. చివరకు 1962లో చాలా ప్రాంతాలవారు కలిసి ఒకే కేంద్ర సంస్థను ఏర్పరచుకోవలసి వచ్చింది. పేరు ముందు పరుగెత్తి పద్ధతి వెనుకబడితే ఏమవుతుందో ఇది రెండవ పాఠం.

3. ఎనిమిది మిల్క్‌షేక్ యంత్రాలు

రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ సోదరులు 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఒక హోటలు పెట్టారు. కార్లలో వచ్చి కూర్చున్నవారి దగ్గరకే ఆడపిల్లలు పళ్ళేలు తెచ్చి ఇచ్చేవారు. వ్యాపారం బాగానే సాగుతున్నా, 1948లో అన్నదమ్ములిద్దరూ సుమారు మూడు నెలలు హోటలు మూసి, పద్ధతి మొత్తం మార్చారు. లెక్కలు తీస్తే అమ్మకంలో అధికభాగం హాంబర్గర్లదే అని తేలింది. కనుక 25 వంటకాల జాబితాను 9కి కుదించారు. అందులో పాలు కూడా ఒకటి. పళ్ళేలు, చెంచాలు పోయి కాగితపు పొట్లాలు వచ్చాయి. కాల్చేవాడు కాలుస్తాడు, పొట్లం కట్టేవాడు కడతాడు, ఎవరి పని వారిదే. ధర 30 సెంట్లనుంచి 15కు దించారు. మిల్క్‌షేకులు, బంగాళాదుంప వేపుళ్ళు తరువాత చేర్చారు.

1954లో మిల్క్‌షేక్ యంత్రాలు అమ్ముకునే రే క్రాక్ అనే వ్యక్తికి ఒక సందేహం వచ్చింది. ఒక్కొక్క యంత్రం ఒకేసారి ఐదు గ్లాసులు కలుపుతుంది. మామూలు దుకాణానికి ఒకటో రెండో చాలు. అటువంటివి ఎనిమిది కొన్న ఈ హోటలులో ఒకేసారి నలభై గ్లాసులు ఎవరు తాగుతున్నారు? వెళ్ళి కళ్ళారా చూసి, ఆ సోదరులతో ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు 52. 1955 ఏప్రిల్ 15న ఇలినాయ్‌లోని డెస్ ప్లేన్స్‌లో తన మొదటి హోటలు తెరిచాడు. 1961లో 27 లక్షల డాలర్లు చెల్లించి సోదరుల హక్కులన్నీ కొనివేశాడు.

క్రాక్ ప్రాంతాలను పెద్ద ముక్కలుగా అమ్మలేదు. ఒక్కొక్క హోటలుకు విడివిడిగా హక్కు ఇచ్చాడు. మొదటిది సరిగా నడిపినవారికే రెండవది. మాంసపు బిళ్ళ బరువు, వేపే సమయం, నేల తుడిచే విధానం అన్నీ పుస్తకంలో రాసి ఇచ్చారు. నాణ్యత, సేవ, శుభ్రత అనే అంశాలమీద తనిఖీ చేసి మార్కులు వేయడానికి మనుషులను తిప్పారు. 1961లో ఒక హోటలు నేలమాళిగలో శిక్షణ పాఠశాల కూడా ప్రారంభించారు. క్రాక్ తానే హోటలు ముందు పడి ఉన్న కాగితాలు ఏరేవాడు. ఇది చదివినప్పుడు, తెరవని ఆ క్యాను మూత నాకు గుర్తుకు వచ్చింది.

అయితే అన్నీ పైవాళ్ళకే తెలుసనుకోవడం కూడా పొరపాటే. సిన్సినాటిలో లూ గ్రోన్ అనే యజమాని హోటలుకు శుక్రవారంనాడు జనం వచ్చేవారు కాదు. అక్కడి కాథలిక్కులు అప్పట్లో ఆ రోజు మాంసం ముట్టేవారు కాదు. ఆయన 1962లో చేపతో ఒక వంటకం తయారుచేశాడు. క్రాక్ దానికి పోటీగా, అనాసముక్క మీద చీజు పెట్టిన వంటకాన్ని ముందుకు తెచ్చాడు. రెండింటినీ ఒకే రోజున అమ్మి చూస్తే చేపే గెలిచింది. అధిపతి తన వంటకాన్ని పక్కన పెట్టి, కింది యజమాని వంటకాన్ని దేశమంతటా పెట్టించాడు. తనిఖీ పైనుంచి కిందికి వస్తే, అనుభవం కిందినుంచి పైకి వెళ్ళాలి. ఇది మూడవ పాఠం.

నేడు ఈ సంస్థకు 100కు పైగా దేశాల్లో 40 వేలకు పైగా హోటళ్ళున్నాయి. మనదేశంలో 1996లో ఢిల్లీలో మొదటిది తెరిచినప్పుడు, ఇక్కడి ఆచారాన్ని మన్నించి పశుమాంసం లేకుండానే వ్యాపారం ప్రారంభించారు.

4. రోడ్డు పక్కకు జరిగితే

కెంటకీ రాష్ట్రంలోని కార్బిన్‌లో హార్లండ్ శాండర్స్ రోడ్డుపక్క హోటలు నడిపేవాడు. ప్రెషర్ కుక్కరులో కోడిమాంసం త్వరగా వేపే పద్ధతి ఆయనది. 1952లో యూటా రాష్ట్రంలోని పీట్ హార్మన్ ఆ పద్ధతిని తీసుకున్న మొదటి హోటలు యజమాని అయ్యాడు. ఇంతలో ప్రభుత్వం కొత్త రహదారిని ఊరికి దూరంగా వేయడంతో శాండర్స్ హోటలు దెబ్బతిన్నది. దాన్ని అమ్మి అప్పులు తీర్చేసరికి ఆయన చేతిలో మిగిలినది నెలకు 105 డాలర్ల వృద్ధాప్య భత్యం. 65 ఏళ్ళ వయసులో కుక్కరు, మసాలా పొట్లాలు కారులో వేసుకుని హోటలు హోటలుకూ తిరిగాడు. వండి చూపించి, అమ్మిన కోడికి 5 సెంట్లు చొప్పున ఒప్పందాలు కుదుర్చుకున్నాడు. 1964లో ఆ వ్యాపారాన్ని 20 లక్షల డాలర్లకు అమ్మాడు. ఆ తరువాత కంపెనీ ఎన్నో చేతులు మారింది. పేరు మాత్రం నిలిచింది.

5. చిన్న యజమాని గతి ఏమిటి?

ఇంతవరకు చదివి, ఈ ఏర్పాటు ఎంతో బాగున్నదని ఎవరైనా అనుకుంటే అది సగం నిజమే. స్థానిక యజమాని సొమ్ము పెడతాడు, పగలూ రాత్రీ కష్టపడతాడు. కానీ పేరు అతనిది కాదు. మెక్‌డొనాల్డ్స్ కంపెనీ 1956 నుంచి స్థలాన్ని కూడా తన చేతిలో ఉంచుకుని యజమానికి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఒప్పందం మీరితే హోటలు ఖాళీ చేయవలసిందే. "చికెన్ డిలైట్" అనే మరొక కంపెనీ, వంటపాత్రలు, పొట్లాల కాగితాలు తన దగ్గరే ఎక్కువ ధరకు కొనాలని షరతు పెట్టింది. యజమానులు కోర్టుకెక్కారు. ఆ షరతు చట్టవిరుద్ధమని 1971లో ఫెడరల్ అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది.

కొనే స్వేచ్ఛ ఉన్నా, ఒంటరిగా కొంటే ధర తగ్గదు. అప్పుడు వారు ఏమి చేశారు? సభ్యులారా, సహకార సంఘం పెట్టుకున్నారు! 1978లో కెంటకీ కోడి హోటళ్ళ యజమానులు కొనుగోలు సహకార సంఘాన్ని ఏర్పరచుకున్నారు. 1991లో బర్గర్ కింగ్ యజమానులు, 1996లో సబ్‌వే యజమానులు అదే బాట పట్టారు. కోళ్ళు, నూనె, పిండి, కాగితం అందరి తరపున ఒకేసారి బేరమాడి కొనడం వీటి పని. పెట్టుబడిదారీ వ్యాపారానికి పుట్టినిల్లయిన దేశంలో, అంత పెద్ద కంపెనీల నీడలో, చిన్న యజమానికి చివరకు అక్కరకు వచ్చినది సహకారమే.

ఇక పనివారి సంగతి. పనిని ముక్కలు చేసినందున ఎవరినైనా కొద్దిరోజుల్లో తయారుచేయవచ్చు. కనుకనే ఎవరినైనా సులభంగా తీసివేయవచ్చు కూడా. తక్కువ జీతాలపై 2012లో న్యూయార్క్‌లో మొదలైన సమ్మెలు దేశమంతటికీ పాకాయి. ఈ తిండి ఎక్కువైతే ఆరోగ్యానికి చేటన్న విమర్శ కూడా ఉన్నది. మంచిని తీసుకునేటప్పుడు చెడును గుర్తించడం అవసరం.

6. పెద్దాయన ప్రశ్నకు సమాధానం

పాలు కూలరులో కలిశాక మీ ఊరివి, మా ఊరివి అనే తేడా ఉండదు. పట్నంలో ప్యాకెట్టు కొనే ఇల్లాలికి ఊరి పేరు తెలియదు, సమాఖ్య పేరే తెలుసు. ఆ పేరు మనందరి ఉమ్మడి ఆస్తి. కనుక పక్క ఊరి క్యాను మన క్యానే. అందుకే, పెద్దాయనా, మీరు నష్టపోవలసి వచ్చింది. అందుకే ఆ క్యానును గురించి అడిగే హక్కు కూడా మీకున్నది.

అమెరికా యజమాని నియమం పాటించకపోతే కంపెనీ హోటలు లాక్కుంటుంది. మనకు ఆ భయం లేదు. పాలు పోసేవారే ఇక్కడ యజమానులు. భయం లేనిచోట బాధ్యత ఉండాలి. వారు కంపెనీ గొలుసులో ఉండి సహకారం నేర్చుకున్నారు. సహకారంలో ఉన్న మనం వారి క్రమశిక్షణ నేర్చుకోలేమా?

ఆ సమావేశంలో నా తప్పు నేను ఒప్పుకున్నాను. పెద్దాయన కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "అయితే ఈసారి వచ్చినప్పుడు ముందు మూతలు తీయండి, పుస్తకాలు తరువాత చూద్దురుగాని" అన్నారు. ఆనాటినుంచి నా తనిఖీ అలాగే మొదలవుతున్నది.

సంఘ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు:

(1) మన కేంద్రంలో క్యాన్లు కడిగే పని ఎవరిది? ఎప్పుడు, ఎలా కడగాలో రాసి గోడకు అంటించామా?

(2) పాల పరీక్ష సభ్యుల కళ్ళ ఎదుట జరుగుతున్నదా?

(3) దాణా, మందులు, క్యాన్లు పొరుగు సంఘాలతో కలిసి కొంటే ఎంత ఆదా అవుతుంది?

(4) సభ్యుల సలహాలలో ఈ సంవత్సరం పాలకవర్గం అమలుచేసినది ఒక్కటైనా ఉన్నదా?