నగర పటములందలి జలనామములు: ముచుకుందా తీర పరిశీలనము

స్థలనామ పరిశోధకులు శాసనములను, కైఫీయతులను శ్రద్ధతో చదువుదురు. ప్రాచీన పటములను అంత శ్రద్ధతో చూచుట అరుదు. పటమును గ్రంథమువలె చదువదగినదే. దానికిని లేఖకుడు, పాఠము, పాఠదోషములు కలవు.

మూసీ నదికి సంస్కృత సంప్రదాయమున ముచుకుంద యని పేరు. ఇది అనంతగిరి కొండలలో పుట్టి వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. దీని దక్షిణతీరమున 1591లో వెలసిన భాగ్యనగరము క్రమముగా ఉత్తరతీరమునకు వ్యాపించినది. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలమందిని బలిగొన్నది. అప్పటి ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్. ఆయన కలంపేరు 'షాద్' వలననే మన షాద్‌నగరమునకు ఆ పేరు వచ్చినది. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి సూచన ననుసరించి ఉస్మాన్ సాగరము (1920), హిమాయత్ సాగరము (1927) నిర్మితములైనవి. 1910ల దశకమున లియోనార్డ్ మన్ పర్యవేక్షణమున నగరము కొలువబడి, అంగుళమునకు 50 అడుగుల ప్రమాణమున వందలాది పత్రములుగా పటము సిద్ధమైనది.

ఈ పటము ఆంగ్లలిపిలో నున్నది. ఆ లిపిలో త-ట, ల-ళ భేదము నిలువదు. కావున పటమందలి పేరును యథాతథముగా గ్రహింపరాదు. రెవెన్యూ లెక్కలతోను, స్థానిక వృద్ధుల ఉచ్చారణతోను సరిచూచి పాఠము నిర్ణయింపవలెను.

నామమున ఉత్తరపదము ముఖ్యము. అమరకోశ వారివర్గము తటాకమును, అల్పసరస్సగు పల్వలమును వేరుగా చెప్పినది. మన చెరువు, కుంట యను భేదమును ఇట్టిదే. 'మాసాహెబా' యను పూర్వపదము 'మాసబ్'గా మారినను, 'ట్యాంక్' అను ఉత్తరపదము మాత్రము చెదరలేదు. అచట నేడు చెరువు లేదు, ఉద్యానవనమున్నది; పేరొక్కటే నీటికి సాక్షి. అంబరుపేటలోని బతుకమ్మకుంట పూడిపోయినను పేరు జనులనోట నిలిచినది. 2025లో ఆ కుంట పునరుద్ధరింపబడినది.

నామము నశించిన నీటిజాడ తెలియదు; జాడ తెలియనిచోట ఇండ్లు లేచును, వాన వచ్చినపుడు నీరు తన చోటు వెదకుకొనును. కావున ప్రాచ్యకళాశాలల విద్యార్థులు తమ తమ మండలములలోని కుంటల, వాగుల పేర్లను పటములతో సరిచూచి సేకరించుట మంచిది. ఇది భాషాసేవ, ఊరికి రక్షయు నగును.