ఆరు పులులు ఇచ్చిన ఆస్తి

అపర్ణా,

వెటర్నరీలో చేరిన మొదటి ఏడాదే మంచి ప్రశ్న అడిగావమ్మా: అంతరించిపోతున్న పులికి జాతి స్వచ్ఛత ముఖ్యమా, ఆరోగ్యం ముఖ్యమా అని. దక్షిణ చైనా పులి సంగతి తెలిస్తే జవాబు నీకే తోస్తుంది.

1950ల్లో ఆ పులిని చీడ కింద జమకట్టి వెంటాడి చంపారు. వేటను నిషేధించింది 1977లో. అప్పటికే చేయి దాటిపోయింది. దశాబ్దాలుగా అది అడవిలో ఉన్నట్టు దాఖలా లేదు. జూల్లో, సంరక్షణ కేంద్రాల్లో మిగిలినవన్నీ అడవిలో పట్టి తెచ్చిన ఆరు పులుల సంతతే.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకో. ప్రతి జంతువులోనూ ఒక్కో జన్యువుకు రెండు ప్రతులుంటాయి. అంటే ఆ ఆరూ కలిసి ఒక జన్యువుకు మహా అయితే 12 రూపాలు తెచ్చాయి. పిల్లకు అందేది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కాబట్టి ఒక పులికి ఒక్క పిల్లే మిగిలితే దాని జన్యు సంపద సగమే నిలుస్తుంది. రెండు మిగిలితే సగటున 75 శాతం, మూడు మిగిలితే 87.5 శాతం. అడవిలో ఆ పులే లేనప్పుడు పోయింది మళ్లీ రాదు. అందుకే వంశావళి పుస్తకం రాసిపెట్టుకుని, మందలో బంధువులు తక్కువగా ఉన్న పులికి ముందు జత కుదర్చాలి. బాగా పిల్లల్ని ఇస్తోందని ఒకే మగపులిని వాడుతూ పోతే కొన్నాళ్లకు మందంతా దాని పిల్లలే అవుతాయి.

మేనరికాలు వద్దని డాక్టర్లు ఎందుకంటారో నీకు తెలుసు. మేనమామ, మేనకోడలి బిడ్డలో ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివై ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అన్నాచెల్లెళ్లు జతకడితే నాలుగింట ఒకటి. ఆరింటితో మొదలైన మందలో అన్నీ బంధువులే, కాబట్టి దాగిన లోపాలు బయటపడక తప్పదు.

మరి బయటి రక్తం కలిపేస్తే? తెలియక కలిపితే నష్టమే. 1970ల్లో ఇంగ్లండ్ జూలో పుట్టిన తార అనే ఆడపులిని పెంచి మన దేశంలోని దుధ్వా అడవిలో వదిలారు. తర్వాత అక్కడి పులుల నమూనాలు మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో పరీక్షిస్తే సైబీరియా పులి ఆనవాళ్లు కనిపించాయి. తెలిసి, ఆలోచించి కలపడం వేరు. ఫ్లోరిడా పాంథర్లు అనే ప్యూమాల్లో తోకలు వంకరపోయి, గుండె లోపాలు పెరిగాక 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చారు. ఆ లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది.

స్వచ్ఛతను కాపాడాలమ్మా, ఆ పులి తన అడవికి తగ్గట్టు వేల ఏళ్లుగా మలచుకున్న గుణాలు అందులో ఉన్నాయి కాబట్టి. కానీ స్వచ్ఛత పేరుతో జాతినే పోగొట్టుకునే పరిస్థితి వస్తే దగ్గరి బంధువుకు తలుపు తెరవాల్సిందే. ముందు డీఎన్‌ఏ పరీక్ష, ఆపైనే జత, ప్రతిదానికీ రాతపూర్వక లెక్క: ఈ వరస తప్పకూడదు.

సెలవులకు వచ్చేటప్పుడు ఆరు పులులతో మొదలుపెట్టి మూడు తరాల వంశవృక్షం గీసి తీసుకురా. ఏ జత ఎందుకు కుదిర్చావో కూర్చుని మాట్లాడుకుందాం.

నీ తాతయ్య