పాఠశాల గడపలో వర్తకము: ఉపాధ్యాయుల ఆలోచన

తల్లిదండ్రులకు మనవి.

పాఠశాలకు ఉచితముగా వచ్చు వస్తువులన్నియు దానములు కావు. కొన్ని దానములు, కొన్ని బేరములు. బేరమును దానమని భ్రమించినచో నష్టపడువారు బాలబాలికలు. ఈ భేదమును గూర్చి ఈ పాఠశాల ఉపాధ్యాయులమైన మేము పలుమార్లు కూడి మాటలాడుకొంటిమి. మా అభిప్రాయములను, మాలో మాకు గల భేదాభిప్రాయములను గూడ మీ ముందుంచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

వ్యాపారులనిన మాకు ద్వేషము లేదు. షోలాపూరులో తెలుగువారి చరిత్ర మగ్గముతోను అంగడితోను పెనవేసికొన్నది. తెలంగాణము నుండి వలస వచ్చి, ఇచట దుప్పట్లు, తువ్వాళ్లు నేసి బ్రదికిన కుటుంబములవారే తమ పిల్లలకు తెలుగు అక్షరములు రావలెనని కోరి బడులకు చందా లిచ్చిరి. నూలు వర్తకుని రూపాయియు, నేతగాని అణాయు మన గోడలలో కలిసియున్నవి. దాతల పేర్లు చెక్కిన రాయి నేటికిని వరండాలో నున్నది. ఆ రాయి ఏ బాలునితోను "నా నూలే కొనుము" అని ఎన్నడును చెప్పలేదు.

ఇప్పటి స్థితి కొంత వేరు. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమాణము గల కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో కనీసము 2 శాతము సామాజిక కార్యములకు వ్యయపరుపవలెను. ఏడాదికి 5 కోట్ల రూపాయల నికరలాభము గల కంపెనీలు అందులో చేరును. ఆ కార్యములలో విద్యయు నొకటి. ఆ ధనముతో ప్రభుత్వ పాఠశాలలకు బల్లలు, మరుగుదొడ్లు సమకూరినచో అది మేలే.

ఆ పిదప 2023 సెప్టెంబరులో మహారాష్ట్ర ప్రభుత్వము పాఠశాలల దత్తత పథకమును ప్రకటించెను. కంపెనీలు గాని వ్యక్తులు గాని ప్రభుత్వ పాఠశాలను 5 లేక 10 ఏండ్లకు దత్తు గైకొని వస్తువులను, సేవలను సమకూర్పవచ్చుననియు, ఆ కాలమునకు తాము కోరిన పేరును పాఠశాల పేరునకు చేర్పవచ్చుననియు అందులో చెప్పబడెను. ఉపాధ్యాయ సంఘములు దీనిని వ్యతిరేకించినవి. ప్రభుత్వము తన బాధ్యతను మెల్లమెల్లగా వదలుకొనునేమో యనునది వారి భయము. మాకు తోచిన సందేహము మరింత సామాన్యమైనది: గడువుతో కూడిన దత్తత లోకములో కలదా? గడువు తీరిన పిమ్మట ఆ బిడ్డ యెవరి బిడ్డ?

మన పాఠశాలకు అంత పెద్ద కంపెనీ యేదియు రాలేదు. గడచిన జులైలో విద్యావ్యాపారము చేయు ఒక సంస్థ ప్రతినిధి వచ్చి, ఐదవ తరగతి మొదలు పదవ తరగతి వరకు ప్రతి విద్యార్థికిని రెండేసి నోటుపుస్తకము లిత్తుమనియు, చిత్రలేఖనపు పోటీ పెట్టి బహుమతులు పంచుదుమనియు చెప్పెను. అట్టపై ఆ సంస్థ ప్రకటన యుండును. పోటీలో చేరువారు ఒక పత్రము నింపవలెను. ఆ పత్రములో బొమ్మను గూర్చి ఒక్క గడియు లేదు. తండ్రి ఫోను నంబరు, తల్లి ఫోను నంబరు, ఇంటి ఆదాయము, ట్యూషను కలదా లేదా అనునవియే గడులు.

ఆ సాయంకాలము ఉపాధ్యాయుల గదిలో చర్చ జరిగెను. మాలో పెద్దవారొకరు, "పవర్లూము పనివాని బిడ్డకు రెండు పుస్తకములు చిన్న వస్తువు కాదు. అట్టపై నేమున్న నేమి? లోపలి కాగితము తెల్లనిదే గదా!" అనిరి. వయసున చిన్నవారొకరు, "ఆ నంబర్లు మన చేతుల మీదుగా పోయినచో రాత్రి తొమ్మిదింటికి ఆ తల్లికి ఫోను వచ్చును. బడివారే పంపిరని నమ్మి ఆమె వాయిదాల మీద ఏదో కొనును" అని బదులు చెప్పిరి. ఇద్దరి మాటలోను సత్యము కలదు. తుదకు పత్రములను త్రిప్పి పంపితిమి. ప్రకటన లేని పుస్తకము లిచ్చినచో సంతోషముతో స్వీకరింతుమని వ్రాసితిమి. ఆ ప్రతినిధి మరల రాలేదు, పుస్తకములును రాలేదు. ఈ నిర్ణయమునకు వెల చెల్లించినవారు మేము కాము, మీ పిల్లలు. అందుచేతనే కారణములను మీకు చెప్పవలసియున్నది.

మొదటి కారణము నమ్మకము. అంగడిలో చెప్పిన మాటను బాలుడు సందేహించును. తరగతిలో చెప్పిన మాటను సందేహింపడు. ఆ నమ్మకమును మరొకరికి అద్దెకిచ్చు అధికారము మాకు లేదు.

రెండవ కారణము కాలము. అమెరికాలో 1990 నుండి 2018 వరకు ఒక టెలివిజను సంస్థ పాఠశాలలకు యంత్రముల నిచ్చి, మారుగా ప్రతి దినము 12 నిమిషముల వార్తలను తరగతిలో చూపించెను. అందు 2 నిమిషములు వ్యాపార ప్రకటనలు. రెండు నిమిషములే కదా యనిపించును. ఏడాదికి 180 పనిదినములని లెక్కించినచో 360 నిమిషములు, అనగా ఆరు గంటలు. ఒక పూర్తి బడిదినము ప్రకటనలకే పోయెనన్నమాట.

మూడవ కారణము మనకే ప్రత్యేకమైనది. అది భాష. వ్యాపారమునకు సంఖ్యయే ప్రాణము. "మీ తెరపాఠములు తెలుగులో కలవా?" అని ఆ ప్రతినిధిని అడిగితిమి. మరాఠీలోను, ఆంగ్లములోను కలవనియు, ఆంధ్ర తెలంగాణ రాష్ట్రముల కొరకు చేసినవి ఇచటి పాఠ్యక్రమమునకు కుదరవనియు, మన కొద్దిమంది కొరకు వేరుగా చేయుట గిట్టుబాటు కాదనియు ఆయన చెప్పెను. ఆయన నిజమే చెప్పెను, ఆయనపై మాకు కోపము లేదు. కాని 1967లో నెలకొల్పబడిన బాలభారతి ఇతర భాషలతో పాటు తెలుగులోను పాఠ్యపుస్తకములను ముద్రించుచు వచ్చినది గిట్టుబాటును చూచి కాదు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించుటకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. మన బడి హక్కు మీద నిలిచినది, లాభము మీద కాదు. నేడు తెరను ఉచితముగా గైకొని, దానికొరకు రేపు పాఠమును తెలుగు నుండి మార్చుకొన్నచో, ఎవరును మూయకయే తెలుగు బడి మూతపడును.

మేమును నిర్దోషులము కాము. జూను నెలలో గైడుల అమ్మకందార్లు ఉపాధ్యాయులకు ఉచిత ప్రతులిచ్చి పోవుట పాత ఆచారము. ఆ ప్రతిని పుచ్చుకొని, తరగతిలో ఆ గైడు పేరే చెప్పిన దినములు మాలో కొందరికి కలవు. ఈ సంవత్సరము ఆ ప్రతులను మా బీరువాలలో నుంచక పుస్తకాలయములో చేర్చి, ఏ గైడునకును సిఫారసు చేయరాదని నిశ్చయించుకొంటిమి.

ఇక మీదట బడికి ఏ వస్తువు ఉచితముగా వచ్చినను మీరు మమ్ములను ఈ ప్రశ్నలు అడుగుడు.

1. ఇచ్చువారు మారుగా ఏమి కోరుచున్నారు?

2. మా పేర్లు, నంబర్లు ఎవరికైన ఇచ్చితిరా? 2023 నాటి వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లు నిండని పిల్లల విషయమున తల్లిదండ్రుల అనుమతి వలయునని చెప్పుచున్నది.

3. అది తినుబండారమైనచో ఏమేమి కలిసియున్నవి? కొవ్వు, చక్కెర, ఉప్పు అధికముగా గల పదార్థములను బడిలోను, బడికి 50 మీటర్లలోపలను అమ్మరాదని, ప్రకటింపరాదని 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు విధించినవి.

4. అది తెలుగులో నున్నదా? లేనిచో తెలుగు పాఠమునకు కేటాయించిన ఏ గంటను అది తినివేయును?

ఈ ప్రశ్నలకు సరియైన జవాబు లభించినచో దాతకు చేతులెత్తి నమస్కరింతము. లభింపనిచో మర్యాదగా సాగనంపుదము. నోటుపుస్తకముల లోటును మాత్రము మనమే తీర్చుకొనవలెను. రాబోవు తల్లిదండ్రుల సమావేశమునకు మీలో ప్రతివారును ఒక తెల్లని నోటుపుస్తకమును వెంట తెండు. ఇచ్చువారి పేరు అట్టపై నుండనక్కరలేదు. అట్టపై బాలుని పేరు, అదియు తెలుగులో, వానిచేతనే వ్రాయింతుము.