మాలేరి ఎర్రమట్టి చెప్పే పాఠం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల కనిపించే గుట్టల్లో ఎక్కువ భాగం గ్రానైటు. భూమి లోపల కరిగిన శిల చల్లారి గట్టిపడితే గ్రానైటు అవుతుంది. అందుకే అందులో జంతువుల ఎముకలు దొరకవు. ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీదుగా గోదావరి అవతల ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోకి వెళ్తే నేల తీరు మారుతుంది. పాతకాలపు నదులు పొరలు పొరలుగా పరచిన ఇసుకరాయి, ఎర్రమట్టి అక్కడ కనిపిస్తాయి. ఆ మట్టిపొరలకు మాలేరి అనే ఊరి పేరు పెట్టారు. వాటి వయసు సుమారు 22 కోట్ల సంవత్సరాలు.

కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థ గత శతాబ్దం మధ్యలో ఈ ప్రాంతంపై దృష్టి పెట్టింది. లండన్ నుంచి వచ్చిన పమేలా రాబిన్సన్ అక్కడి యువకులకు శిలాజాల వెతుకులాట నేర్పారు. తపన్ రాయ్‌చౌధురి 1965లో మాలేరి పొరల నుంచి ఒక పెద్ద ఉభయచరాన్ని వర్ణించారు. బల్లపరుపు తల, ముక్కుకు దగ్గరగా కళ్లు ఉన్న నీటి జీవి అది.

కోల్‌కతాలో 1943లో పుట్టిన శంకర్ ఛటర్జీ కూడా ఆ బృందంవారే. మొసలిని పోలిన పారాసుకస్ అస్థిపంజరాలను ఆయన 1978లో వివరంగా వర్ణించారు. మొసలికి ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి. పారాసుకస్‌కు అవి కళ్ల దగ్గర ఉన్నాయి. రూపం ఒకటిగా కనిపించినంత మాత్రాన వంశం ఒకటి కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. రెండు పారాసుకస్‌ల కడుపు భాగంలో మరో చిన్న సరీసృపం ఎముకలు కనిపించాయి. అవి చివరిగా తిన్న ఆహారమన్నమాట! ఛటర్జీ 1980లో దానికి మాలేరిసారస్ రాబిన్సనే అని, మన ఊరి పేరునూ తన గురువు పేరునూ కలిపి పెట్టారు.

తర్వాత ఆయన అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో దశాబ్దాలపాటు క్యూరేటర్‌గా పనిచేశారు. టెక్సాస్ ఎముకల్లోనూ మాలేరిసారస్ జాతిని గుర్తించి 1986లో ప్రకటించారు. మాలేరి ఎక్కడ, టెక్సాస్ ఎక్కడ? ఆ కాలంలో ఖండాలన్నీ పాంజియా అనే ఒకే భూభాగంగా కలిసి ఉండేవి. మధ్యలో సముద్రం అడ్డులేదు.

క్యూరేటర్ పని ఏమిటి?

ఎముక దొరికిన చోటును, పొరను ముందు రాసుకోవాలి. ప్లాస్టర్‌లో తడిపిన గుడ్డ చుట్టి, విరగకుండా తేవాలి. సూదులతో ఓపికగా మట్టి తొలగించాలి. ఇతర జీవుల ఎముకలతో పోల్చాలి. నంబరు వేసి భద్రపరచాలి. ఈ చివరి పనే అన్నిటికన్నా ముఖ్యం. ఛటర్జీ 1987లో మాలేరి పొరల నుంచి ఒక చిన్న డైనోసార్‌కు వాకేరియా అని పేరు పెట్టారు. ఆ పేరు అప్పటికే మరో జీవికి ఉందని తేలడంతో 1994లో ఆల్వాకేరియాగా మార్చారు. అందులో వేర్వేరు జంతువుల ఎముకలు కలిసి ఉన్నాయని తర్వాతి పరిశోధకులు అన్నారు. ఎముకలు భద్రంగా ఉన్నాయి కాబట్టే మళ్లీ చూసి ఆ మాట చెప్పగలిగారు. పెద్దవారు చెప్పినా సాక్ష్యం చూసి సరిచేసుకోవడమే విజ్ఞానశాస్త్రం.

దాతలకు ఒక విన్నపం

తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. దానికి 1988లో పేరు పెట్టినవారు భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన పి. యాదగిరి. మన పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్దాం.

బీడీలు చుట్టే తల్లి, మరమగ్గం నడిపే తండ్రి, గల్ఫ్‌లో కష్టపడే అన్న తమ పిల్లలు డాక్టరో ఇంజనీరో కావాలని కోరుకోవడం సహజం. అయితే రాళ్లను, కప్పలను, తొండలను ఆసక్తిగా చూసే పిల్లవాడికీ, అమ్మాయికీ ఒక దారి ఉంది: భూగర్భశాస్త్రం, జంతుశాస్త్రం. ఆ డిగ్రీలు చదువుతామని వచ్చేవారికి కూడా మనం ఇచ్చే ఉపకారవేతనాల్లో చోటు ఉండాలి. గోదావరి అవతలి ఎముకలను చదవడానికి కోల్‌కతా నుంచి, లండన్ నుంచి వచ్చారు. ఈసారి జగిత్యాల నుంచి వెళ్లేవారు ఉండాలి.