కూల్చే ముందు రాసి పెట్టు

చిప్పెన్‌హామ్, ఇంగ్లండ్

చి. అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. "అక్కడ పాత ఇంటికి కిటికీ మార్చాలన్నా అనుమతి కావాలటగా తాతయ్యా, నిజమేనా?" అని అడిగావు. నిజమే. ఆర్కిటెక్చర్ చదివే పిల్లవి కదా, చట్టం ఒక్కటే చెబితే నీకు చాలదు. ముందు ఒక ఊరు చూపిస్తాను.

మాకు మూడు మైళ్ల దూరంలో లేకాక్ అనే పల్లె ఉంది. లేకాక్‌లో ప్రధానంగా నాలుగు వీధులు. ఊరి పక్కన 13వ శతాబ్దంలో సన్యాసినుల కోసం కట్టిన మఠం. 1539లో ఎనిమిదో హెన్రీ రాజు హయాంలో మఠం మూతపడి, జమీందారీ ఇల్లయింది. 1835లో ఆ ఇంటి యజమాని ఫాక్స్ టాల్బట్ అక్కడి కిటికీ ఒకదాన్ని తపాలాబిళ్లంత కాగితం మీదికి ఎక్కించాడు. ఇవాళ్టికి మిగిలిన ఫోటో నెగటివ్‌లలో అదే అన్నిటికన్నా పాతది. ఆ వంశపు మెటిల్డా టాల్బట్ 1944లో మఠాన్నీ ఊరినీ కలిపి, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టుకు రాసిచ్చేసింది.

నేను వెళ్లినప్పుడల్లా నిలబడిపోయేది మఠం దగ్గర కాదు, వీధి మూలన ఉన్న 14వ శతాబ్దపు ధాన్యపు కొట్టు దగ్గర. రైతులు పంటలో దశమ భాగం తెచ్చి పోసేవారు అక్కడ. దశమ భాగం అంటే మన చర్చిల్లో ఇప్పటికీ వినిపించే మాటే. లోపలికి వెళ్లి తలెత్తితే, వంపు తిరిగిన దూలాలు బోర్లించిన పడవలా కనిపిస్తాయి. దాన్ని ఆనుకునే చిన్న రాతిగది. తాగి అల్లరి చేసినవాళ్లను తెల్లారేదాకా అందులో పెట్టి తాళం వేసేవారు. రాజుల కోటలను కాపాడటం వింత కాదు. తాగుబోతుల కొట్టడీని కాపాడుకోవడం చూడు, నాకు నచ్చింది అదీ.

ఇంగ్లండ్‌లో ఇలా కాపాడాల్సిన కట్టడాలకు ఒక జాబితా ఉంది. అందులోకి ఎక్కినవి నాలుగు లక్షలకు చేరువ. ప్రాముఖ్యాన్ని బట్టి వాటికి గ్రేడులుంటాయి: మొదటి గ్రేడువి 2.5 శాతమే, రెండో గ్రేడువి తొంభై శాతం దాటుతాయి. 1700కి ముందు కట్టి దాదాపు ఉన్నది ఉన్నట్టు నిలిచినవన్నీ సాధారణంగా జాబితాలో ఉంటాయి. మైలురాళ్లు, సమాధులు, ఎర్ర టెలిఫోన్ పెట్టెలు కూడా ఎక్కాయి. రక్షణ వీధిలోంచి కనిపించే గోడకే కాదు, లోపలి మెట్లకూ తలుపులకూ ఉంటుంది. 1948 జూలై 1కి ముందు నుంచి ఆవరణలో ఉన్న పశువుల కొట్టానికీ వర్తిస్తుంది. అనుమతి లేకుండా చెయ్యి వేస్తే నేరం, రెండేళ్ల దాకా జైలు. ఎన్నేళ్ల తర్వాతైనా సరే, ఉన్నట్టు తిరిగి కట్టమని నోటీసు రావచ్చు.

నాకూ తగిలిందా దెబ్బ. మేం కొన్న రాతి ఇల్లు రెండో గ్రేడు. రాళ్ల మధ్య సున్నం రాలుతోందని ఒక మేస్త్రీని పెట్టి సిమెంటు పూయించాను. ఎవరినీ అడగలేదు. రెండు చలికాలాలు తిరిగేసరికి లోపలి గోడ చెమ్మగిల్లింది, రాయి పొరలు పొరలుగా ఊడింది. చూడటానికొచ్చిన అధికారి గోడ మీద చెయ్యి పెట్టి, "ఈ గోడ ఊపిరి పీల్చుకోవాలి, మీరు ముక్కు మూశారు" అన్నాడు. సున్నం తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది. బంధించిన తడి రాయిని తింటుంది. ఆ సిమెంటంతా ఉలితో చెక్కించి మళ్లీ సున్నం పెట్టించాను. ఖర్చు మూడింతలు.

ఆ సున్నం వాసనకు నాకు మన మండువా ఇల్లు గుర్తొచ్చింది. దాని గోడలదీ గానుగ సున్నమే. ఎద్దు తిరుగుతుంటే రాతిచక్రం కింద సున్నమూ ఇసుకా నలగడం, అందులో బెల్లం నీళ్లూ కరక్కాయ కషాయమూ పోయడం మా నాన్న కథలా చెప్పేవాడు. మండువాలోకి వాన దిగుతుంటే టేకు స్తంభానికి ఆనుకుని కూర్చునేవాణ్ణి. ఇంతకాలం నీకు చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ ఇల్లు కూల్చడానికి కాగితం మీద సంతకం పెట్టింది నేనే. పోస్టులో వచ్చింది, పోస్టులో పంపాను. ఇక్కడ గోడలో సున్నం కోసం అధికారి ముందు చేతులు కట్టుకు నిలబడ్డవాణ్ణి, అక్కడ ఇంటికి ఇంటినే ఒక్క సంతకంతో వదిలేశాను. జేసీబీకి ఒక పూట పట్టిందట. స్తంభం ఎత్తు ఎంతో, మండువా వెడల్పు ఎంతో ఎవరూ రాసుకోలేదు. నేనూ రాసుకోలేదు.

మన దగ్గరా చట్టం లేకపోలేదు. ప్రాచీన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టానికి 2010లో సవరణ వచ్చింది. రామప్ప గుడిలాంటి రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కుదరదు. కానీ దేశం మొత్తమ్మీద కేంద్ర రక్షణలో ఉన్నవి సుమారు 3,700. ఊరి సత్రం, రచ్చబండ, ధాన్యపు గాదె ఆ లెక్కలోకి రావు.

ఇక్కడివాళ్లకూ పాతవాటిని కాపాడే బుద్ధి పుట్టుకతో రాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడ్డాక, దెబ్బతిన్న వాటిలో ఏది కూల్చాలి, ఏది నిలపాలి అని ఆర్కిటెక్టులు జాబితాలు రాశారు. 1947లో దీనికి చట్టం వచ్చాక, ఊరూరూ తిరిగి జాబితా రాయడం మొదలైంది. తొలి విడతకే రెండు దశాబ్దాలు దాటింది. 1980 ఆగస్టులో లండన్‌లోని ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీ జాబితాకెక్కే లోపే సెలవురోజులు చూసి కూల్చేశారు. ఆ దెబ్బతో ప్రభుత్వం ఈ జాబితా సర్వేను పరుగులు పెట్టించింది. చట్టం కాపాడగలిగేది జాబితాలో పేరున్నవాటినే. పేరు రాయడానికి ముందు ఒక మనిషి టేపు పట్టుకుని ఊళ్లో నడవాలి.

అందుకే, అమ్మలూ, సంక్రాంతికి ఊరు వెళ్తున్నానన్నావు కదా. ఒక నోటుబుక్కు, టేపు పట్టుకెళ్లు. మిగిలిన ఒక్కో పాత కట్టడానికి ఒక్కో పేజీ: ఎవరు కట్టించారు, దేనితో, పొడవు వెడల్పులు, ఏ కర్ర, గోడలో సున్నమా సిమెంటా. పెద్దవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకో, ఆఖరున నీ అభిప్రాయం రాయి. కూల్చొద్దని ఎవరితోనూ గొడవ పడకు. కూల్చినా, కొలతలు నీ దగ్గరుంటాయి. కూల్చకపోతే, రేపు ఏ అధికారైనా అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.

రావిచెట్టు కింది రచ్చబండతో మొదలుపెట్టు. దాని కొలతలు రాయగానే ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు.

మీ తాతయ్య